జ్ఞానానికి గుర్తింపునిచ్చేదెవరు? – నన్యాంగ్, ఉస్మానియాల కథ

సింగపూరు పశ్చిమ కొసన బూన్ లే అనే పేట ఉంది. గాంబియర్, మిరియాలు, ఆ తరువాత రబ్బరు తోటలు వేయించిన చ్యూ బూన్ లే అనే వ్యాపారి పేరే ఆ ప్రాంతానికి మిగిలింది. 1990లో అక్కడికి మెట్రో రైలు వచ్చింది. దాదాపు రెండు దశాబ్దాలపాటు ఆ మార్గంలో పడమటి చివరి స్టేషను అదే. స్టేషను పక్కనున్న బస్టాండు నుంచి 179, 199 నంబరు బస్సులు నన్యాంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి వెళతాయి. అక్కడ చదువుకొనే, పరిశోధన చేసే తెలుగువారికి ఈ దారి కొట్టిన పిండి. అయితే ఆవరణ బయట, జురాంగ్ వెస్ట్ 93వ వీధిలో, బహుళ అంతస్తుల ఇళ్ళ మధ్య ఒంటరిగా నిలిచి ఉన్న పాత సింహద్వారం దగ్గర ఆగి చూసేవారు తక్కువ. దాని మీద చీనా లిపిలో చెక్కిన పేరు ఇవాళ్టి విశ్వవిద్యాలయానిది కాదు. 1980లో కనుమరుగైన మరో విశ్వవిద్యాలయానిది. 1998లో ప్రభుత్వం ఆ ద్వారాన్ని జాతీయ స్మారకాల జాబితాలో చేర్చింది.

విజ్ఞానం ఒక సామాజిక వ్యవహారం అన్నమాట వినగానే రెండు రకాల తొందరపాటు కనిపిస్తుంది. సత్యం కూడా ఎవరికి వారు కల్పించుకొనేదే అన్నమాట అని కొందరు ఉత్సాహపడతారు. నీరు ఏ దేశంలోనైనా నీరే, రసాయన శాస్త్రానికి కులమతాలుండవని మరికొందరు తోసిపుచ్చుతారు. నిజానికి ఆ మాట ఈ రెండు వాదాల కంటే చాలా నేలబారుది. ఏది తెలుసుకోవలసిన ప్రశ్నగా నిలబడుతుంది, దానికి ఎవరు జవాబు చెప్పవచ్చు, చెప్పిన జవాబును ఎవరు సరిచూస్తారు, అది ఏ భాషలో ఎవరిదాకా చేరుతుంది అన్నవి మనుషులు, సంస్థలు, డబ్బు, నమ్మకం కలిసి తేల్చే విషయాలు. దీనికి నిదర్శనంగా గెలీలియో కథనో డార్విన్ కథనో చెప్పడం రివాజు. జురాంగ్ కొండ మీది ఈ విశ్వవిద్యాలయం, దానికి మూడున్నర దశాబ్దాల ముందే హైదరాబాదులో వెలసిన మరో విశ్వవిద్యాలయం అంతకంటే దగ్గరి నిదర్శనాలు.

1949లో చైనాలో కమ్యూనిస్టు ప్రభుత్వం ఏర్పడింది. అంతవరకు మలయా, సింగపూరులలో చీనా మాధ్యమంలో హైస్కూలు ముగించిన పిల్లలు పైచదువుకు చైనా వెళ్ళేవారు. ఇక మీదట వెళితే తిరిగి రానివ్వకుండా బ్రిటిష్ వలస ప్రభుత్వం నిబంధనలు పెట్టింది. అదే సంవత్సరం సింగపూరులో ఏర్పడిన మలయా విశ్వవిద్యాలయం పూర్తిగా ఇంగ్లీషుది. చీనా బడులలో చదివిన వేలమందికి రెండు తలుపులూ మూసుకుపోయాయి. 1953 జనవరిలో టాన్ లార్క్ సై అనే రబ్బరు వ్యాపారి తానే ఒక విశ్వవిద్యాలయం పెట్టిద్దామని ప్రతిపాదించి, యాభై లక్షల డాలర్లు ఇస్తానని ప్రకటించాడు. ఆయన అధ్యక్షుడుగా ఉన్న హొక్కియెన్ సంఘం జురాంగ్‌లో ఐదువందల ఎకరాలకు పైగా భూమి ఇచ్చింది. ఆయన పెద్దగా బడికి వెళ్ళి చదువుకొన్నవాడు కాడు.

ధనికుల విరాళాలు ఏ దేశంలోనైనా ఉండేవే. ఇక్కడి విశేషం వేరు. 1954లో సింగపూరు రిక్షా కార్మికులు ఒకరోజు సంపాదన మొత్తాన్ని విశ్వవిద్యాలయ నిధికి ఇచ్చారు. బండిమీద తినుబండారాలు అమ్మేవారు, క్షురకులు, నృత్యశాలలలో పనిచేసే స్త్రీలు తమ వంతు ఇచ్చారు. తమ జీవితంలో ఏనాడూ ఆ గదులలో కూర్చోబోమని తెలిసిన వారు జ్ఞానానికి చందా వేసిన సందర్భాలు చరిత్రలో ఎక్కువ దొరకవు. వలస ప్రభుత్వం మాత్రం విశ్వవిద్యాలయ శాసనం చేయలేదు. దానితో ఆ సంస్థ 1953లో కంపెనీల చట్టం కింద నమోదు కావలసి వచ్చింది. కాగితాల మీద అది పరిమిత బాధ్యత గల ఒక కంపెనీ. సబ్బుల ఫ్యాక్టరీకీ దానికీ చట్టం దృష్టిలో తేడా లేదు.

తొలి అధిపతిగా ప్రఖ్యాత రచయిత లిన్ యూటాంగ్ 1954లో అమెరికా నుంచి వచ్చాడు. ఖర్చుల దగ్గర, అధికారాల దగ్గర పాలకమండలితో పొసగక 1955లో వెళ్ళిపోయాడు. 1956లో తరగతులు మొదలయ్యాయి. 1958 మార్చి 30న లాంఛనంగా ప్రారంభోత్సవం జరిగిన రోజున నగరం నుంచి జురాంగ్ దాకా ఇరుకు రోడ్డు మీద కార్లు, లారీలు, బస్సులు గంటల తరబడి నిలిచిపోయాయి. ప్రారంభించిన గవర్నరు విలియం గూడ్. సంస్థను గుర్తించడానికి శాసనం చేయని ప్రభుత్వానికి ప్రతినిధి ఆయనే కావడం ఆనాటి రాజకీయాలలో ఇమిడి ఉన్న వింత.

1959లో శాసనం వచ్చింది. దాని వెంటే తనిఖీ కూడా వచ్చింది. ఆస్ట్రేలియాకు చెందిన విశ్వవిద్యాలయాధిపతి స్టాన్లీ ప్రెస్కాట్ అధ్యక్షతన ఒక సంఘం నన్యాంగ్‌ను పరిశీలించి, పాలనలోనూ అధ్యాపక నియామకాలలోనూ బోధనలోనూ లోపాలెంచి, ఈ పట్టాలను ఇతర విశ్వవిద్యాలయాల పట్టాలతో సమానంగా గుర్తించవలసిందిగా ప్రస్తుతానికి సిఫారసు చేయలేమని తేల్చింది. మొదటి జట్టు విద్యార్థులు చదువు ముగించబోతున్న సమయమది. రిక్షావాళ్ళు తొక్కిన తొక్కుడంతా ఒక నివేదికతో వృథా అయిందన్న ఆక్రోశం చీనా సమాజమంతటా రేగింది.

ఇక్కడ నిదానించవలసి ఉంది. అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1942లో విజ్ఞాన సమాజానికి కొన్ని కట్టుబాట్లుంటాయని వివరించాడు. వాటిలో మొదటిది, ఒక ప్రతిపాదన చేసినవాడి జాతి, మతం, దేశం చూడకుండా ప్రతిపాదనను మాత్రమే తూచాలన్నది. ఆ లెక్కన చీనా భాషలో నేర్చిన రసాయన శాస్త్రానికీ ఇంగ్లీషులో నేర్చిన దానికీ భేదం ఉండకూడదు. ఉండదు కూడా. కానీ ప్రెస్కాట్ సంఘం తూచింది రసాయన శాస్త్రాన్ని కాదు, పట్టాను. పట్టా అనేది నోటు లాంటిది. అది చెల్లడానికి వెనుక ఒక నమ్మకాల గొలుసు ఉండాలి. బయటి పరీక్షకులు, ఒకరి పట్టాను మరొకరు ఒప్పుకొనే ఒడంబడికలు, పత్రికలు, అక్కడ చదివి ఇక్కడ బోధించేవారు, ఇక్కడ చదివి అక్కడ పరిశోధించేవారు – ఈ గొలుసు కామన్వెల్త్‌లో ఇంగ్లీషు భాష మీదుగానే నడిచేది. మలయా విశ్వవిద్యాలయం పుట్టుకతోనే ఆ గొలుసులో కొక్కెంగా పుట్టింది. నన్యాంగ్ దాని బయట పుట్టింది. సంఘం ఎత్తిచూపిన లోపాలలో నిజమైనవి చాలానే ఉన్నాయి. మూడేళ్ళ వయసున్న ఏ విశ్వవిద్యాలయంలోనైనా అవి ఉండేవే. ఒకదానిలో అవి బాలారిష్టాలైనాయి, మరొకదానిలో అనర్హతలైనాయి.

ఈ తేడాను అర్థం చేసుకోవడానికి మెర్టన్ కంటే లుడ్విక్ ఫ్లెక్ ఎక్కువ ఉపయోగపడతాడు. ఫ్లెక్ వైద్యుడు, అప్పుడు పోలండులో, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్న ల్వీవ్ నగరంలో సూక్ష్మజీవుల ప్రయోగశాల నడిపిన యూదుడు. 1935లో ఆయన జర్మన్ భాషలో రాసి స్విట్జర్లాండులో అచ్చువేయించిన పుస్తకం, ఒక శాస్త్రీయ వాస్తవం ఎలా పుట్టి ఎలా పెరుగుతుందో చెబుతుంది. ఆయన ఎంచుకొన్న వాస్తవం సిఫిలిస్ వ్యాధికి చేసే వాసర్‌మన్ పరీక్ష.

ఆ పరీక్ష కథ వైద్య విద్యార్థులందరికీ చెప్పదగినది. 1906లో వాసర్‌మన్, ఆయన సహచరులు సిఫిలిస్ సోకిన పిండాల కాలేయం నుంచి తీసిన ద్రవాన్ని రోగి రక్తరసంతో కలిపి చూశారు. ఆ కాలేయంలో వ్యాధిక్రిమి ఉంటుంది, రక్తంలో దానికి విరుగుడు ఉంటుంది, రెండూ కలిస్తే ప్రతిచర్య వస్తుందన్నది వారి సిద్ధాంతం. కొద్ది కాలంలోనే తేలిందేమంటే, వ్యాధి లేని ఎద్దు గుండెకాయ నుంచి సారాయంతో తీసిన ద్రవం వాడినా అదే ఫలితం వస్తుందని. అంటే సిద్ధాంతం తప్పు. పరీక్ష మాత్రం పనిచేసింది. వేరువేరు దేశాల ప్రయోగశాలలలో పేరు లేని వందలమంది సాంకేతికులు పాళ్ళు మార్చి, వేడిమి మార్చి, ఫలితాన్ని చదివే కన్ను కుదుర్చుకొని దానిని నమ్మదగిన పరీక్షగా నిలబెట్టారు. ఎద్దు గుండెలోని ఆ పదార్థమే కార్డియోలిపిన్. నేటికీ మన ఆసుపత్రులలో గర్భిణులకు చేసే వీడీఆర్‌ఎల్ పరీక్షలో ఉండేది అదే. పరీక్ష కనిపెట్టిందెవరని అడిగితే వాసర్‌మన్ అనే పుస్తకాలు చెబుతాయి. ఫ్లెక్ జవాబు వేరు: ఒక ఆలోచనా సమూహం.

ఆ సమూహానికి రెండు వలయాలుంటాయంటాడాయన. లోపలి వలయంలో నిపుణులుంటారు. వారి జ్ఞానం సందేహాలతో, మినహాయింపులతో, ఇంకా తేలని విషయాలతో నిండి ఉంటుంది. బయటి వలయంలో చదువుకొన్న ప్రజలుంటారు. వారి దాకా వచ్చేసరికి అదే జ్ఞానం సరళమై, బొమ్మకట్టి, ఖాయమై కనిపిస్తుంది. చిత్రమేమంటే, ఆ ఖాయం తిరిగి లోపలివారికి బలమిస్తుంది. రాకపోకలు రెండు వైపులా సాగాలి. మాటలు బయటికి పోవాలి, బయటి నుంచి ప్రశ్నలు, అనుభవాలు, అవసరాలు, డబ్బు లోపలికి రావాలి. సిఫిలిస్‌కు రక్తపరీక్ష కావాలన్న పట్టుదల కూడా ప్రయోగశాలలో పుట్టలేదు. చెడురక్తపు జబ్బు అన్న జనం నమ్మకం శతాబ్దాలుగా ఆ వైపుకు తోసింది.

ఫ్లెక్ జీవితమే ఆయన సిద్ధాంతానికి ఉదాహరణ కావడం ఒక విషాదం. యూదులకు జర్మనీలో చోటు లేని సంవత్సరాలలో జర్మన్‌లో వచ్చిన ఆ పుస్తకాన్ని పట్టించుకొన్నవారు కొద్దిమందే. తరువాత ఆయనను ఆష్విట్జ్‌కు, అక్కడి నుంచి బుకెన్‌వాల్డ్‌కు తరలించారు. బుకెన్‌వాల్డ్‌లో టైఫస్ టీకా తయారుచేయడానికి ఖైదీలతో ఒక ప్రయోగశాల నడిపించేవారు. అక్కడివారు తమకు కావలసిన క్రిములను పెంచుతున్నామని పరస్పరం నమ్ముకొంటూ వేరేదో పెంచుతూ వచ్చారు. ఆ పొరపాటు పట్టుకొన్నది ఫ్లెక్. ఆ తరువాత వారు పనికిరాని టీకాను నాజీ సైన్యానికి పంపి, పనికివచ్చేది తోటి ఖైదీలకు దాచారు. ఒక సమూహం కలిసికట్టుగా సత్యాన్ని చేరినట్టే కలిసికట్టుగా భ్రమలోనూ పడగలదని ఆయనకు పుస్తకాలు నేర్పలేదు. 1961లో ఇజ్రాయెల్‌లో ఆయన చనిపోయాడు. మరుసటి ఏడాది థామస్ కూన్ తన ప్రసిద్ధ గ్రంథపు ముందుమాటలో ఆ పేరు తలచాడు. 1979లో ఇంగ్లీషు అనువాదం వచ్చాకే ఫ్లెక్ చెప్పినది విద్యాలోకంలో జ్ఞానంగా చెలామణి అయింది. పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు. భాష మారింది, చదివే సమూహం మారింది.

ఇప్పుడు హైదరాబాదు. 1917లో అక్బర్ హైదరీ నిజాముకు సమర్పించిన విజ్ఞప్తిలో, పరాయి భాషలో చదువు జ్ఞాపకశక్తికి భారమై ఆలోచనను అణచివేస్తుందన్న వాదన ఉంది. ఆ ఏప్రిల్‌లోనే మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా వెలువరించాడు. విశ్వవిద్యాలయం కంటే ముందే అనువాద సంస్థ, దారుల్ తర్జుమా, మౌల్వీ అబ్దుల్ హఖ్ ఆధ్వర్యంలో పని మొదలుపెట్టింది. 1919లో తరగతులు ప్రారంభమయ్యాయి. చరిత్ర, తత్వశాస్త్రం సరే, గణితం, భౌతికశాస్త్రం, వైద్యం, 1929 నుంచి ఇంజనీరింగు కూడా ఉర్దూలోనే. వందలాది గ్రంథాలు అనువాదమయ్యాయి. పారిభాషిక పదాలను ఎలా పుట్టించాలన్న దాని మీదే వహీదుద్దీన్ సలీం 1921లో ఒక గ్రంథం రాశాడు. అన్నిటికీ అరబీ, ఫారసీ ధాతువులను ఆశ్రయించనక్కరలేదని, ఇంటి మాటలతోనూ కొత్త పదాలు అల్లవచ్చని ఆయన వాదం. తెలుగులో సంస్కృత సమాసాల మీద నేటికీ జరిగే తగవు ఇదే.

ఉర్దూ మాధ్యమం వల్ల చదువు మరుగుజ్జుదైందా? ఉస్మానియా తొలి పట్టభద్రులలో ఒకడైన రజీయుద్దీన్ సిద్దీఖీ గణితం ఉర్దూలో చదివి, కేంబ్రిడ్జి వెళ్ళి, ఆపై లైప్‌జిగ్‌లో హైసెన్‌బర్గ్ దగ్గర పరిశోధించి, తిరిగి వచ్చి ఉస్మానియాలో బోధించాడు. అయితే అక్కడ ఇంగ్లీషు కూడా ప్రతి విద్యార్థికీ తప్పనిసరి పాఠ్యాంశం. భాషను ద్వారంగా, ఇంగ్లీషును కిటికీగా ఉంచుకొన్న ఏర్పాటు అది. జ్ఞానం ఏ భాషలోనైనా ఇముడుతుందన్న సంగతిని ఉస్మానియా నిరూపించింది. ఎవరి భాషలో అన్నది మాత్రం ఆ నిరూపణలోకి రాలేదు.

నిజాం రాజ్యంలో దాదాపు సగంమంది ప్రజల భాష తెలుగు. మరాఠీ, కన్నడం మాట్లాడేవారిని కూడా కలుపుకొంటే ఉర్దూ ఇంటిభాషగా ఉన్నవారు పదోవంతుకు కాస్త ఎక్కువ. స్వభాషలో ఉన్నత విద్య అన్న నినాదం నల్లగొండ రైతు కొడుకు దగ్గరికి మరో పరాయి భాషగానే చేరింది. ఉస్మానియా తరగతులు మొదలైన రెండేళ్ళకు, 1921 నవంబరులో, హైదరాబాదు వివేకవర్ధిని పాఠశాలలో జరిగిన సంఘ సంస్కరణ సభలో న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించబోతే సభికులు గేలిచేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. తెలుగువారి సొంత ప్రయత్నం అప్పటికే మరొకచోట నడుస్తోంది. కొమర్రాజు లక్ష్మణరావు, ఆయన మిత్రులు 1906లో హైదరాబాదులో ప్రారంభించిన విజ్ఞాన చంద్రికా మండలి మద్రాసుకు తరలి, వైద్యుడైన ఆచంట లక్ష్మీపతి వంటివారి చేత తెలుగులో శాస్త్రగ్రంథాలు రాయిస్తోంది. దానికి భూమి లేదు, ఫర్మానా లేదు, పట్టా ఇచ్చే అధికారం లేదు. చందాదారులున్నారు, అంతే.

నన్యాంగ్‌లోనూ ఇదే చిక్కుంది, పైకి కనబడదు. చందాలిచ్చిన రిక్షావాళ్ళ, వ్యాపారుల ఇంటి మాటలు హొక్కియెన్, టియోచ్యూ, కాంటనీస్ వగైరా. విశ్వవిద్యాలయపు భాష మాండరిన్. అది వారు బడిలో నేర్చుకొన్నదే తప్ప తల్లి ఒడిలో నేర్చుకొన్నది కాదు. ఆ భాషలోని విజ్ఞాన పదాలు కూడా చాలావరకు జపాను నుంచి నడిచివచ్చినవి. 1771లో ఎడో నగరంలో సుగితా గెన్‌పకు అనే వైద్యుడు తన మిత్రులతో కలిసి, చేతిలో డచ్చి శరీరశాస్త్ర గ్రంథం పట్టుకొని, మరణశిక్ష పడిన ఒక స్త్రీ శవపరీక్ష చూడడానికి వెళ్ళాడు. పుస్తకంలోని బొమ్మలు అచ్చం అలాగే ఉన్నాయని ఆశ్చర్యపోయి, సరిగా రాని భాష నుంచి కూడబలుక్కొంటూ దానిని అనువదించి 1774లో ప్రచురించాడు. నర్వు అన్నదానికి జపానులో మాట లేదు. ఆ అనువాదంలోనే కొత్తగా కట్టారు. ఆ మాటే తరువాత చైనాకు చేరి, జురాంగ్ కొండ మీది జీవశాస్త్ర తరగతిదాకా వచ్చింది. ఇక ఆ రోజు శవాన్ని కోసి అవయవాలు చూపించినది పండితులు కారు. అంటరాని కులానికి చెందిన తొంభై ఏళ్ళ ముసలివాడు. ఏ అవయవం ఎక్కడుంటుందో ఏళ్ళ తరబడి చేతులతో తెలిసినవాడు ఆయనే. పుస్తకం మీద ఆయన పేరు లేదు.

తెలుగులో ఆ మాట సంగతి చూడవచ్చు. నరం అంటే తెలుగువాడికి నర్వూ అదే, సెలైను ఎక్కించే రక్తనాళమూ అదే, మడమ వెనుక బిగుసుకొనే స్నాయువూ అదే. పాఠ్యపుస్తకం నర్వుకు నాడి అన్నది; జనానికి నాడి అంటే మణికట్టు దగ్గర కొట్టుకొనేది. ధమని, సిర అన్నవి పదో తరగతి దాటాక పలికేవారు లేరు. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థి నాడీకణం బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, మార్కులు తెచ్చుకొంటాడు. వైద్య కళాశాలలో చేరిన మొదటి నెలలో ఆ మాటలన్నీ వదిలేసి న్యూరాను, ఆక్సాను నేర్చుకొంటాడు. ఆ తరువాత నలభై ఏళ్ళు, అరచేయి తిమ్మిరెక్కిందని వచ్చిన రోగితో నరం ఒత్తుకుపోయిందమ్మా అని చెబుతాడు. ఆమె రక్తం ఆగిపోయిందని అర్థం చేసుకొంటుంది. గట్టిగా తోమి తైలం పెట్టించుకొంటుంది. మధుమేహంతో స్పర్శ పోయిన పాదం విషయంలో ఇదే అపార్థం జరిగితే నష్టం తైలంతో పోదు. పుండు పెరిగి వేలు తీసేయవలసి రావచ్చు. ఆ డాక్టరు చదువు గట్టిదే, ఆమె తెలివీ గట్టిదే. రెండు వలయాల మధ్య నడవవలసిన మాటే కుంటిది.

వైద్యంలో పుస్తకాలకెక్కని జ్ఞానం ఎంత ఉందో మైఖేల్ పొలాన్యీ చూపించాడు. ఆయన కూడా మొదట వైద్యం చదివినవాడే. ఛాతీ ఎక్స్‌రేలు చదవడం నేర్చుకొనే విద్యార్థికి మొదట గుండె, పక్కటెముకలు తప్ప ఏమీ కనబడవు. నిపుణుల సంభాషణ వారాల తరబడి వింటూ చూస్తుంటే మెల్లగా ఊపిరితిత్తులు కనబడడం మొదలవుతుంది. చూపు, మాట కలిసి పుడతాయి. మనవాళ్ళకు ఆ సంభాషణ అంతా ఇంగ్లీషులో జరుగుతుంది గనుక చూపు కూడా ఇంగ్లీషులోనే పుడుతుంది. దానిని తెలుగులోకి మార్చడం అంటే నిఘంటువు తిరగవేయడం అనుకోవడం దగ్గరే చాలా ప్రయత్నాలు బోర్లాపడ్డాయి. 2022 అక్టోబరులో భోపాల్‌లో ఆవిష్కరించిన హిందీ వైద్య పాఠ్యపుస్తకాలలో ఇంగ్లీషు పదాలను ఎక్కువగా నాగరి లిపిలో యథాతథంగా ఉంచారు. దానిని ఎగతాళి చేసినవారున్నారు గాని, పదాల కంటే వాక్యాలు ముఖ్యమని తెలిసినవారు తొందరపడి నవ్వరు. ఆ వాక్యాలలో చర్చించే ఆచార్యులు, రాసే పత్రికలు, తప్పుపట్టే పాఠకులు ఏర్పడతారా అన్నదే అక్కడి ప్రశ్న.

రెండు విశ్వవిద్యాలయాల కథ ముగిసిన తీరు వేరువేరు. ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమం 1948 సెప్టెంబరు సైనిక చర్యతో, రాజ్యంతో పాటే పోయింది. ఏళ్ళ తరబడి కూర్చిన పదసంపద కొద్ది నెలలలో అలమరాలలోకి చేరింది. తెలుగువారు దానికి కన్నీరు పెట్టవలసిన కారణం లేకపోయింది. దాని స్థానంలో తెలుగు వస్తుందనుకొన్నారు, వచ్చింది ఇంగ్లీషు. 1938లో ఉస్మానియా వందేమాతరం సమ్మెలో చదువు పోగొట్టుకొని నాగపూరు వెళ్ళిన విద్యార్థులలో పి.వి. నరసింహారావు ఒకరు. ఆయనే విద్యామంత్రిగా 1968లో తెలుగు అకాడమీని నెలకొల్పించారు. ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయిలో తెలుగులో సైన్సు పుస్తకాలు, పారిభాషిక పదకోశాలు అక్కడినుంచే వచ్చాయి. వేలాది పల్లెటూరి పిల్లలను అవి డిగ్రీదాకా దాటించాయి. అయితే అకాడమీ పని అనువదించడం. పరిశోధన చేసి ఆ భాషలో చర్చించే సంస్థ ఏదీ దాని వెనుక లేదు. పదాలు పరీక్షదాకా బతికాయి.

నన్యాంగ్ మెల్లగా పోయింది. 1963 ఎన్నికలలో వామపక్షీయులను సమర్థించినందుకు టాన్ లార్క్ సై పౌరసత్వం రద్దయింది. 1965లో చరిత్రకారుడు వాంగ్ గంగ్వూ అధ్యక్షతన పాఠ్యప్రణాళిక సమీక్ష జరిగింది. 1968లో, మొదటి జట్టు బయటికి వచ్చిన ఎనిమిదేళ్ళకు, ప్రభుత్వం పట్టాలను గుర్తించింది. అప్పటికి కింద నేల జారిపోతోంది. 1950ల చివర ఒకటో తరగతిలో చేరేవారిలో దాదాపు సగంమంది చీనా మాధ్యమానికి వెళ్ళేవారు. 1970ల చివరికి వారు పదిమందిలో ఒకరు. తల్లిదండ్రులు పిల్లల ఉద్యోగం చూసుకొన్నారు, ఎవరూ బలవంతం చేయలేదన్నది ప్రభుత్వ పక్షం వాదన. ఉద్యోగాల భాషను నిర్ణయించినదెవరన్న ప్రశ్నను ఆ వాదన దాటవేస్తుంది. 1975లో నన్యాంగ్‌లో బోధన ఇంగ్లీషుకు మారింది. 1980లో సింగపూరు విశ్వవిద్యాలయంలో కలిపేశారు. తమిళ మాధ్యమం కూడా మిగలలేదు. చివరిదైన ఉమరుప్పులవర్ తమిళ ఉన్నత పాఠశాల 1982లో మూతపడింది.

ఖాళీ అయిన జురాంగ్ ఆవరణలో 1981లో సాంకేతిక సంస్థ పెట్టారు. అది 1991లో విశ్వవిద్యాలయమైంది. 1996లో పాత నన్యాంగ్ పట్టభద్రుల జాబితాలను దానికి బదిలీ చేశారు. తాము చదవని విశ్వవిద్యాలయానికి పూర్వ విద్యార్థులైన ఆ పెద్దవారిలో కొందరికి అది ఊరట, కొందరికి రెండో గాయం. 2013లో అక్కడే వైద్య కళాశాల తెరిచినప్పుడు లండన్ ఇంపీరియల్ కళాశాలతో కలిసి ఉమ్మడి పట్టా ఇచ్చారు. అప్పటికి ఆ విశ్వవిద్యాలయం ప్రపంచంలో పేరెన్నికగన్నదే. అయినా కొత్త డాక్టరు పట్టా చెల్లడానికి పాత గొలుసులో ఒక కొక్కెం అవసరమైంది. దీనిలో తప్పుపట్టవలసినదేమీ లేదు, ప్రెస్కాట్ నాడు అడిగినది కూడా ఇలాంటిదే. 1956లో నన్యాంగ్‌కు అలా చేయిపట్టే లండన్ లేదు.

బూన్ లే, జురాంగ్ వెస్ట్ ఇళ్ళలో ఉంటున్న తెలుగు పిల్లల సంగతి ఈ కథకు ఒక చిన్న కొసరు. సింగపూరు బడులలో మాతృభాష అనేది ఒక తప్పనిసరి పాఠ్యాంశం పేరు. అధికార భాషలైన తమిళం, మలయ్, మాండరిన్ కాక, భారతీయ భాషలలో హిందీ, బెంగాలీ, పంజాబీ, గుజరాతీ, ఉర్దూ – ఈ ఐదింటికి అక్కడ గుర్తింపు ఉంది. తెలుగు వాటిలో లేదు. తెలుగు పిల్లలు హిందీనో తమిళాన్నో మాతృభాషగా రాసి పరీక్షకు కూర్చుంటారు. ఇంట్లో మాట్లాడేది మాతృభాష కాదు, పట్టికలో ఉన్నది మాతృభాష.

ఇక్కడ ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ప్రభుత్వ బడులన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమానికి మార్చే ఉత్తర్వులు వచ్చాయి. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. ఆ వివాదంలో ఇరుపక్షాలూ పిల్లవాడి భవిష్యత్తు గురించే మాట్లాడాయి. పేదవాడి బిడ్డకు మాత్రం ఇంగ్లీషు ఎందుకు నిషిద్ధమన్న ప్రశ్న న్యాయమైనది. 1950లలో జురాంగ్‌కు చందా ఇచ్చిన రిక్షావాడి మనవలు ఇంగ్లీషు బడికి వెళ్ళినప్పుడు కూడా అదే న్యాయం పనిచేసింది. రెండు పక్షాలలో ఎవరూ తడమనిది రోగి సంగతి. ఆమె వయసు యాభై ఐదు, బడికి వెళ్ళలేదు, ఇక వెళ్ళదు. ఆమె శరీరం గురించిన జ్ఞానం ఇంకో ముప్పై ఏళ్ళు తెలుగులోనే ఆమెకు చేరాలి. ఆమెను పరీక్షించే డాక్టరు మాత్రం ఒకటో తరగతి నుంచి తెలుగులో ఒక్క శాస్త్ర వాక్యం కూడా రాయనివాడు కాబోతున్నాడు.

చట్టం ఈ విషయంలో విద్యావ్యవస్థ కంటే ముందుంది. 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, చికిత్స స్వభావం, ప్రత్యామ్నాయాలు, ప్రమాదాలు రోగికి తగినంతగా తెలిపి, ఆమె తెలిసి ఒప్పుకొంటేనే సమ్మతి అని తీర్పు చెప్పింది. ఆపరేషనుకు ముందు సంతకం పెట్టించే తెలుగు సమ్మతి పత్రాలలో చాలావరకు ఇంగ్లీషు పత్రం మీద తెలుగు లిపి పరచినవే. అందులో అనస్థీషియా ఉంటుంది, కాంప్లికేషన్లుంటాయి, సంతకం చేసేందుకు చుక్కల గీత ఉంటుంది. పత్రం ఎవరు రాశారని అడిగితే చెప్పగలవారు ఆసుపత్రిలో దొరకరు.

2019లో అమలులోకి వచ్చిన ఎంబీబీఎస్ కొత్త పాఠ్యప్రణాళికలో, కళాశాలలో చేరగానే జరిగే పునాది తరగతులలో స్థానిక భాషకు తొలిసారిగా చోటిచ్చారు. స్థానిక భాష, ఇంగ్లీషు, కంప్యూటరు – మూడింటికీ కలిపి 40 గంటలు.